‘తీవ్ర గాయాలు’ అంటే ఏ అవయవానికి?

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో దాదాపు రోజూ ఒక వార్త ఉంటుంది. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, చివరి వాక్యం మాత్రం అదే. ‘తీవ్ర గాయాలపాలై చికిత్స పొందుతూ మృతి చెందారు.’ మూడేళ్ల కిందట, మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో, ఆ వాక్యం మా నాన్న గురించి కూడా వచ్చింది. ఆ కటింగ్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ‘తీవ్ర గాయాలు’ ఏమిటో మాకు తెలుసు, ఆపరేషన్ చేసిన సర్జన్‌కు తెలుసు. అంతకుమించి ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో క్రాష్ సిమ్యులేషన్ ఇంజినీర్‌ని. 14 ఏళ్లుగా ఇదే పని. కారు దేన్నయినా గుద్దితే ఇనుము ఎలా నలుగుతుందో, లోపల కూర్చున్న మనిషికి ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం. మన తెలుగు పిల్లలు ఈ పనిలో చాలామంది ఉన్నారు. హైదరాబాద్, బెంగళూరు, పుణె ఆఫీసుల్లో రాత్రీ పగలూ మెషింగ్ చేస్తూనే ఉంటారు, అంటే కంప్యూటర్లో బండి బొమ్మను లెక్క కోసం చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంటారు. వాళ్ల ఇళ్లలో అడిగితే ‘ఏదో కార్ల డిజైన్’ అంటారు. మా నాన్న అలా అనేవారు కాదు. ‘మా అమ్మాయి బండ్లను గుద్దించి చూస్తుంది’ అని వీధంతా చెప్పేవారు.

నాన్న రిటైర్డ్ టీచర్. 63 ఏళ్లు. ఖమ్మంలో పెళ్లి చూసుకుని రాత్రి సూర్యాపేట తిరిగి వస్తున్నారు. తమ్ముడు నడుపుతున్నాడు. నాన్నకు కారెక్కగానే చెప్పులు విడిచి, ముందు సీటు బాగా వెనక్కి వాల్చి, తలకింద తువ్వాలు మడిచి పెట్టుకుని నిద్రపోవడం అలవాటు. బెల్టు పెట్టుకున్నారు. పెట్టుకోకపోతే ఫోన్లో నేను గొడవ చేస్తానని బండి కదలకముందే పెట్టుకునేవారు. టెయిల్ లైటు లేని ఇటుకల ట్రాక్టర్ రోడ్డు మీద ఆగి ఉంది. తమ్ముడు బ్రేక్ కొట్టాడు, బండి ఆగలేదు.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. తమ్ముడికి మణికట్టు గీసుకుపోయింది. నాన్న తనంతట తానే దిగారు. చెప్పులు వెతుక్కుని వేసుకున్నారు, కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. ‘నాకేం కాలేదురా, ముందు నీ చెయ్యి చూపించు’ అన్నారట. దారిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఛాతీకీ నడుముకూ ఎక్స్‌రే తీశారు. ఎముకలు బాగానే ఉన్నాయి. ‘కడుపులో పట్టేసినట్టుంది’ అని నాన్న చెబితే నొప్పికి ఇంజెక్షన్ వేసి, గ్యాస్ మాత్ర రాసి ఇంటికి పంపించారు. స్కాన్ తీయలేదు.

నేను తెల్లవారుజామున ఇంటికి చేరాను. నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నారు, పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందన్నారు. బనీను ఎత్తి చూశాను. బొడ్డుకు కాస్త పైన, అడ్డంగా, మూడు వేళ్ల వెడల్పున కమిలిన చార. రెండు అంచులూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. పంచె ముడి ఒరుసుకుని ఉంటుందిలే అంది అమ్మ. అది బెల్టు చార అని నాకు చూడగానే తెలిసింది. అది ఉండకూడని చోట ఉందని మాత్రం నాకు తట్టలేదు. కంప్యూటర్లో ఒకసారి గుద్దించి చూడడాన్ని మేం రన్ అంటాం, మనిషికి బదులు కూర్చోబెట్టే బొమ్మను డమ్మీ అంటాం. ఎన్ని వందల రన్‌లలో ఆ బెల్టును డమ్మీ నడుము చుట్టూ నేను చేత్తో సర్దానో లెక్కలేదు. తుంటి ఎముక మీదికి రాకపోతే మోడల్‌ను వెనక్కి పంపేదాన్ని. మా నాన్న ఒంటి మీద చూసినప్పుడు ఐస్ పెడదామన్నాను.

మధ్యాహ్నానికి పొట్ట బిగుసుకుపోయింది, చెమటలు, నాడి పరుగు. హైదరాబాద్ తీసుకొచ్చేసరికి సాయంత్రమైంది. చిన్నపేగు రెండు చోట్ల తెగింది. పేగులను పట్టి ఉంచే పొర చిరిగి, లోపల్లోపలే రక్తం పోయింది. ఆపరేషన్ చేసిన సర్జన్ బయటికొచ్చి, తన నడుము కింద తుంటి మీద చెయ్యి పెట్టి ‘బెల్టు ఇక్కడ ఉండాల్సిందమ్మా’ అన్నారు. చెయ్యి బొడ్డు పైకి జరిపి ‘ఇక్కడికి వచ్చేసింది’ అన్నారు. ప్రమాదం జరిగిన 60 గంటలకు నాన్న పోయారు.

ఇది చదివి ఎవరూ బెల్టు మానొద్దు. బెల్టు లేకపోతే నాన్న ఆ రాత్రే అద్దంలోంచి బయటపడేవారు. వోల్వో ఇంజినీర్ నిల్స్ బోలిన్ 1959లో రూపొందించిన మూడు కొసల బెల్టు ప్రపంచంలో లెక్కలేనంత మందిని బతికించింది. ఆ బెల్టు ఆపాల్సింది ఎముకను. కింది పట్టీ తుంటి ఎముకలకు తగులుకుని ఒంటిని పట్టుకోవాలి. సీటు వాల్చి పడుకుంటే నడుము ముందుకు జారి పట్టీ కిందినుంచి దూరిపోతుంది, పట్టీ మెత్తటి పొట్ట మీదికి ఎక్కుతుంది. మా పనిలో దీన్ని సబ్‌మెరైనింగ్ అంటారు. పట్టీకీ వెన్నెముకకూ మధ్య ఇరుక్కునేది పేగులే. పొట్ట మీది బెల్టు చార లోపలి గాయానికి గుర్తు కావచ్చని గారెట్, బ్రాన్‌స్టీన్ అనే ఇద్దరు 1962లోనే రాశారు. నాకు కూడా ఇది నాన్న పోయాక చదివితేనే తెలిసింది.

14 ఏళ్లు ఇదే పనిలో ఉన్నదానికి ఎందుకు తెలియలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఒక కారణం, మేం రోజూ చూసే డమ్మీకి లోపల అవయవాలు లేవు. ముందునుంచి గుద్దే పరీక్షల్లో ప్రపంచమంతా వాడే హైబ్రిడ్-3 డమ్మీని జనరల్ మోటార్స్ 1976లో తెచ్చింది. 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు, సగటు అమెరికా మగవాడి కొలతలు. పక్కటెముకలు ఉక్కువి. తల ఎంత అదిరింది, ఛాతీ ఎన్ని మిల్లీమీటర్లు నొక్కుకుంది, తొడ ఎముక మీద ఎంత బరువు పడింది, ఇవన్నీ చెబుతుంది. లివర్ లేదు, ప్లీహం లేదు, పేగు లేదు. పొట్ట ఉండాల్సిన చోట మెత్తటి దిమ్మ ఉంటుంది. అది ఎంత నలిగినా పరీక్ష కాగితంలో ఎర్ర మార్కు పడదు.

కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. చాలా మంచి పని, జనం ఇప్పుడు కారు కొనేటప్పుడు స్టార్లు అడుగుతున్నారు. ముందునుంచి గుద్దించే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో. కానీ అందులో పెద్దల డమ్మీలు ముందు సీట్లలో, సీటు నిటారుగా పెట్టి కూర్చుంటాయి. వెనక సీట్లో పిల్లల డమ్మీలు. సీటు వాల్చి నిద్రపోతున్న 63 ఏళ్ల మనిషి ఆ పరీక్షలో లేడు.

ఆ మనిషి ఉండగలిగేది కంప్యూటర్లోనే. టయోటా వాళ్లు థమ్స్ అనే మానవ శరీర మోడల్‌ను 2000లో మొదట తయారు చేశారు. 2010లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో లోపలి అవయవాలన్నీ చేర్చారు. గుండె, ఊపిరితిత్తులు, లివర్, మూత్రపిండాలు, పేగులు. బతికున్న మనిషి సీటీ స్కాన్‌లోంచి ఆకారం తీసుకుని, శరీరాన్ని లక్షలకొద్దీ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ ఎంత లాగితే ఎంత సాగుతుందో చెప్పి పెడతారు. 2021 జనవరి నుంచి దాన్ని అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. కార్ల కంపెనీలు కొన్ని కలిసి 2006లో జీహెచ్‌బీఎంసీ అనే సంఘం పెట్టుకుని ఇలాంటిదే ఇంకొకటి తయారు చేశాయి. పాదచారులను కారు గుద్దినప్పుడు దానంతటదే పైకి లేచే బానెట్‌లు ఉంటాయి కదా, వాటిని మదింపు చేయడానికి యూరప్‌లో కార్లకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ ఇలాంటి కంప్యూటర్ మనుషుల లెక్కలనే తీసుకుంటోంది. కాబట్టి ఇది నమ్మదగని విద్య ఏమీ కాదు.

లోపలి అవయవాల దగ్గర ఒక సంగతి అర్థం చేసుకోవాలి. తాటిముంజను బొటనవేలితో మెల్లగా నొక్కండి. లోపలికి పోతుంది, వేలు తీస్తే మళ్లీ పైకి వస్తుంది. అదే ముంజను గట్టిగా ఒక్క దెబ్బ కొట్టండి, పగిలి నీళ్లు చిమ్ముతాయి. నొక్కిన లోతు రెండుసార్లూ ఒకటే అయినా సరే. లివర్, ప్లీహం అలాంటివే. ఎంత లోతుకు నొక్కుకుందన్నదొకటే చాలదు, ఎంత వేగంగా నొక్కుకుందో కూడా చూడాలని జనరల్ మోటార్స్‌లో లావ్, వియానో అనే శాస్త్రవేత్తలు 1980లలో తేల్చారు. డాక్టర్ చేత్తో పొట్ట నొక్కి చూస్తే ఏమీ కాదు, బండి హ్యాండిల్ కొస అంతే లోతుకు గుచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ప్లీహం బరువు 150 గ్రాములే, దాని పైపొర పలచనిది. దెబ్బ తగిలిన రోజు బాగానే ఉండి, కొన్ని రోజుల తర్వాత పగిలి రక్తం పోయినవాళ్లు కూడా ఉన్నారు. ‘ఒంటి మీద గీత కూడా లేదు’ అని మనవాళ్లు సంతోషంగా చెప్పుకునే మాట వింటే నాకు ఇప్పుడు గుండె దడ వస్తుంది.

నాన్న సంవత్సరీకం అయ్యాక, మేనేజర్‌ను అడిగి ఆఫీసు క్లస్టర్ మీద, అంటే పెద్ద లెక్కలు చేసే కంప్యూటర్ల మీద, రెండు రన్‌లు వేసుకున్నాను. కారు మొత్తం పెట్టలేదు. ఒక సీటు, ఒక బెల్టు, థమ్స్ మనిషి, గంటకు 50 కిలోమీటర్ల వేగంలోంచి ఆగిపోయే దెబ్బ. అంతే. మొదటిది సీటు నిటారుగా. రెండోది నాన్న వాల్చుకున్నట్టుగా. మిగతావన్నీ ఒకటే. నిజంగా గుద్దుకోవడం అంటే 150 మిల్లీ సెకన్లు కూడా పట్టదు. రెప్పపాటు కన్నా తక్కువ. కంప్యూటర్‌కు మాత్రం అది రాత్రంతా పని.

పొద్దున మొదటి రన్ తెరిచి చూశాను. బెల్టు తుంటి ఎముకకు తగులుకుని పట్టుకుంది. పొట్ట భాగం నీలంగా, అక్కడక్కడ ఆకుపచ్చగా ఉంది, అంటే అక్కడ పెద్దగా ఒత్తిడి పడలేదు. రెండోది చివరిదాకా వెళ్లలేదు. ‘నెగెటివ్ వాల్యూమ్’ అని ఎర్రర్ చూపించి మధ్యలోనే ఆగిపోయింది. మా పనిలో ఉన్నవాళ్లకు ఈ మాట రోజూ వినపడేదే. మెత్తటి పదార్థాన్ని విపరీతంగా నలిపితే ఒక ముక్క తనలోకి తానే తిరగబడిపోతుంది, లెక్క ముందుకు సాగదు. ఏ ముక్క దగ్గర ఆగిందో నంబరు ఇస్తుంది. ఆ నంబరు పెట్టి వెతికితే అది బెల్టు కింద, వెన్నెముకకు ఎదురుగా, పొట్ట లోపల ఉంది. అంతవరకు నడిచిన బొమ్మలను ఒక్కొక్కటిగా కదిపి చూశాను. నడుము పట్టీ కిందినుంచి జారడం, పట్టీ అంచు మడతపడి పొట్టలోకి దిగడం, రంగు పసుపు దాటి ఎర్రబడడం. బెల్టు దిగిన చోటు బొడ్డుకు కాస్త పైన.

పక్క సీటు అబ్బాయి మంచివాడు, ఆ రన్ నాకెందుకో తెలియక ‘అక్కా, ఆ మెటీరియల్ కర్వ్ చివర్లో కొంచెం గట్టిపరిస్తే రన్ పూర్తవుతుంది’ అన్నాడు. ఎంత నొక్కితే పదార్థం ఎంత నలుగుతుందో చెప్పే గీతే ఆ కర్వ్. అది మేమంతా చేసే పనే. సీటు ఫోమ్‌కు నేనే వందసార్లు చేశాను. ఆ రోజు మాత్రం చెయ్యి ఆడలేదు. పేగును ఉన్నదానికంటే గట్టిగా రాసిపెడితే రన్ చక్కగా పూర్తవుతుంది, పేగు తెగదు, రిపోర్టులో అంతా బాగుంటుంది. ఎంత గట్టిగా ఉండాలో నిజంగా ఎవరు చెప్పాలి? నిజమైన మనుషుల గాయాలే చెప్పాలి.

ఈ మోడళ్లను సరిచూసింది ఎక్కువగా అమెరికాలో, యూరప్‌లో దేహదానం చేసినవాళ్ల శరీరాల మీద జరిపిన పరీక్షలతో. ఆ దాతలకు చేతులెత్తి దండం పెట్టాలి. మన దగ్గర కూడా ఈ పని జరగలేదని కాదు. మెత్తటి కణజాలాన్ని వేగంగా లాగినప్పుడు, నొక్కినప్పుడు ఎలా నడుచుకుంటుందో ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్లు అనూప్ చావ్లా, సుదీప్తో ముఖర్జీ బృందం ఏళ్ల తరబడి కొలిచింది. కానీ మోడల్ చెప్పింది నిజమా కాదా అని తేల్చుకోవాలంటే రోడ్డు మీద జరిగిన ప్రమాదం, ఆస్పత్రిలో తేలిన గాయం రెండూ ఒకచోట కావాలి. పైగా మోడల్‌కు రక్తం కారదు. 150 మిల్లీ సెకన్ల తర్వాత ఏమవుతుందో అది చెప్పదు. మా నాన్న ఆ తర్వాత 60 గంటలు బతికి ఉన్నారు. ఆ 60 గంటల కథ ఆస్పత్రి ఫైళ్లలోనే ఉంటుంది.

ఆ ఫైళ్లు ఎక్కడికీ చేరడం లేదు. కేంద్రం లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లు. ఎంతమందికి తల పగిలింది, ఎంతమందికి ప్లీహం చిట్లింది, ఎంతమందికి హ్యాండిల్ గుచ్చుకుని లోపల రక్తం పోయింది? ఆ లెక్కలో చనిపోయినవాళ్లు, తీవ్రంగా గాయపడినవాళ్లు, స్వల్పంగా గాయపడినవాళ్లు అనే గడులే ఉంటాయి. ప్రమాదాల వివరాలు ఎక్కించడానికి ఈడార్ అనే వ్యవస్థ వచ్చింది. ఎస్సైలు ప్రమాదస్థలంలోనే ఫొటోలు, బండి వివరాలు, చోటు అన్నీ మొబైల్‌లో పెడుతున్నారు. అంత పని జరుగుతున్నప్పుడు, ఆస్పత్రి నుంచో పోస్టుమార్టం రిపోర్టు నుంచో ఏ అవయవం, ఎంత దెబ్బ అన్న సంగతి తప్పకుండా వచ్చి అదే కేసుకు అతుక్కునేలా చేయడం అసాధ్యమేమీ కాదు. గాయాన్ని 1 నుంచి 6 వరకు అంకెతో చెప్పే ఏఐఎస్ కోడ్‌ను ప్రపంచమంతా వాడుతోంది.

అమెరికాలో 1996 నుంచి సైరెన్ అనే కార్యక్రమం నడుస్తోంది. ట్రామా సర్జన్లు (ప్రమాద గాయాలకు ఆపరేషన్ చేసేవాళ్లు), ఇంజినీర్లు, ప్రమాదస్థలం పరిశీలించినవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక మనిషి, ఒక ప్రమాదం. స్కాన్ చూస్తారు, కారు ఫొటోలు చూస్తారు, ఈ గాయం దేనివల్ల అయింది అని తేలేదాకా మాట్లాడుకుంటారు. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్ల మన సర్జన్లకు ఉన్న అనుభవం తక్కువది కాదు. అదే హైదరాబాద్‌లో కొన్ని కిలోమీటర్ల దూరంలో ఇన్ని వందల మంది క్రాష్ ఇంజినీర్లు ఉన్నారు. ఇన్నేళ్లలో నేను ఒక్క ట్రామా సర్జన్‌తో కూడా పని మీద మాట్లాడలేదు. మొదటిసారి మాట్లాడింది ఆపరేషన్ థియేటర్ బయట, నాన్న కోసం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు నెలకు పది కేసులతో మొదలుపెట్టినా చాలు. పేర్లు తీసేసి స్కాన్‌లు ఇస్తే, మా వైపునుంచి శని, ఆదివారాలు కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు నాకే కొందరు తెలుసు.

మన బళ్లు కూడా వేరు. ఆటో డ్రైవర్ పొట్ట ముందు ఉండేది హ్యాండిల్ బార్. ఆయన వెనక కూర్చున్నవాళ్ల పొట్ట ముందు ఇనుప కడ్డీ. స్కూటీ మీద ముందు నిలబడ్డ పిల్లాడి కడుపుకు ఎదురుగా ఉండేదేమిటో ఆలోచించండి. ఈ పిల్లాడు టయోటాకు గానీ అమెరికా కార్ల కంపెనీల ఊరు డెట్రాయిట్‌కు గానీ కనపడడు. మనం చూపించాలి.

మీ పాఠకులకు రెండు మాటలు. కారులో నిద్ర వస్తే సీటు నిటారుగా పెట్టే నిద్రపోండి, పడుకోవాల్సినంత అలసట ఉంటే బండి ఆపుకుని పడుకోండి. బెల్టు కింది పట్టీ పొట్ట కింద, తుంటి మీద ఉండాలి. గర్భిణులకైతే కడుపు కింద నుంచి. ప్రమాదం తర్వాత పొట్ట మీద అడ్డ చార కనిపిస్తే, ఎక్స్‌రే బాగుందన్నా సరే ఇంటికి తీసుకెళ్లకండి. సీటీ స్కాన్ అవసరమా అని అడగండి, ఒక రోజు డాక్టర్ల కళ్ల ముందు ఉంచండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స ఉంది. డబ్బుల టెన్షన్‌తో స్కాన్ వాయిదా వేయకండి.

మీకు కూడా ఒక విన్నపం. ఇకమీదట అలాంటి వార్త రాసేటప్పుడు, ఇంటివాళ్లు సరేనంటే, డాక్టర్‌ను అడిగి ఒక్క మాట అదనంగా రాయండి. ప్లీహం పగిలి. లివర్ చిట్లి. పేగులు తెగి. బెల్టు ఉందా, ఎక్కడ ఉంది, సీటు ఎలా ఉంది అన్నది కూడా దొరికితే రాయండి. ఆ ముక్కను కత్తిరించి దాచుకునే ఇంజినీర్లు మా ఆఫీసుల్లో ఉన్నారు.

నా పేరు వేయొద్దని మనవి. ఆ రాత్రి తన బ్రేక్ ఆలస్యమైందని మా తమ్ముడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. ఆ రెండు రన్‌లు వాడికి ఇంకా చూపించలేదు, ఈ ఆదివారం సూర్యాపేట వెళ్లి చూపిస్తాను.

– ఒక క్రాష్ సిమ్యులేషన్ ఇంజినీర్, హైదరాబాద్